కనురెప్పల ఆపరేషన్ తర్వాత వాపు: తొలి సాయంత్రం నుంచి ఆరో నెల దాకా

బ్లెఫరోప్లాస్టీ (రెప్పల్లో అదనపు చర్మం, కొవ్వు సరిచేసే ఆపరేషన్) అయ్యాక మూడో రోజు పొద్దున అద్దం చూసుకుని బెంబేలెత్తనివాళ్లు తక్కువ. ఆపరేషన్ రోజున పర్వాలేదనిపించిన కళ్లు రెండు రాత్రులు గడిచేసరికి తెరవడమే కష్టమైనంతగా ఉబ్బుతాయి. ఎక్కడో పొరపాటు జరిగిందని కాదు. ఈ వాపు 48 నుంచి 72 గంటల మధ్య బాగా పెరిగి, ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుంది.

రెప్ప చర్మం ఒంట్లో అన్నిచోట్లకన్నా పలచన, అర మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది. దాని కింది కణజాలం వదులుగా ఉండటంతో నీరు చేరితే ఆపే అడ్డేమీ ఉండదు. ఆ నీటిని లాగేసే శోషరస నాళాలు ఎక్కువగా బయటి కనుకొలకు మీదుగా చెవి ముందున్న గ్రంథుల వైపు సాగుతాయి. కోత పడేది ఆ దారిలోనే. తెగిన నాళాలు మళ్లీ కలిసేదాకా నీరు నెమ్మదిగానే కదులుతుంది. అందుకే ఏ మాత్రా వాపును రాత్రికి రాత్రి తీసేయలేదు. మనం చేయగలిగేవి రెండే: గాయంలోకి కొత్తగా రక్తం, నీరు చేరకుండా చూడటం, చేరిన నీరు కిందికి జారేలా తలను ఎత్తులో ఉంచడం. కింద చెప్పేవన్నీ ఈ రెండింటి కోసమే. సర్జన్ ఇచ్చిన కాగితంలో వేరేగా ఉంటే ఆ కాగితాన్నే పాటించండి. మీకు ఏ కోత పెట్టారో, కొవ్వు ఎంత తీశారో తెలిసింది వారికే.

ముందురోజే సిద్ధం చేసుకోవాల్సినవి

కళ్లు ఉబ్బాక, ఆయింట్‌మెంట్‌తో చూపు మసకబారాక ఇల్లంతా వెతుక్కోవడం చేతకాదు. నాలుగంగుళాల చదరపు గాజుగుడ్డలు ఓ ముప్పయి, ఐస్ గడ్డలు, రెండు గిన్నెలు, మరిగించి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు, ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు, పారాసెటమాల్, వీపు కింద పెట్టుకునే వాలు దిండు. వీటన్నిటినీ మంచం పక్కన నడుమెత్తు బల్ల మీద పెట్టుకోండి. నేల మీదో అడుగు అరలోనో పెడితే తీసుకోవాలన్న ప్రతిసారీ వంగాలి. మొదటి రాత్రి తోడుగా ఒక మనిషి ఉండాలి. మత్తు మందు ప్రభావం కారణంగానూ, కింద చెప్పబోయే చూపు పరీక్ష కోసమూ ఇది తప్పనిసరి.

మొదటి 24 గంటలు: వాపుకన్నా చూపు ముఖ్యం

రెప్పకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌లో సాధారణంగా ఆడ్రినలిన్ కలుపుతారు. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, ఆపరేషన్ బల్ల మీద రక్తస్రావం తక్కువగా కనిపించేది అందుకే. కొన్ని గంటల్లో దాని ప్రభావం దిగిపోతుంది, నాళాలు మళ్లీ విచ్చుకుంటాయి. ఆపరేషన్ అయిన సాయంత్రం మరీ జాగ్రత్తగా ఉండమనేది ఈ కారణం చేతనే.

ఈ సమయంలో అరుదుగా, దాదాపు 2000 మందిలో ఒకరికి, కనుగుడ్డు వెనక రక్తం చేరుతుంది. కంటి గూడు చుట్టూ ఎముకే గనుక ఆ రక్తానికి పోయే దారి లేదు. లోపల ఒత్తిడి పెరిగి కంటి నరానికి రక్తం అందకుండా పోతుంది. గంటన్నర దాటితే నష్టం శాశ్వతమయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి మొదటి రోజు మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి ఇలా చేయండి:

1. కన్నీటి చుక్కలు వేసి, రెప్పలు నాలుగైదుసార్లు ఆర్పి ఆయింట్‌మెంట్ మసక తొలగించండి.
2. ఎడమ కన్నును తాకకుండా అరచేత్తో మూసి, చేతికందే దూరంలో ఉన్న ఏదైనా అక్షరాలను కుడి కంటితో చదవండి. తర్వాత రెండో కన్ను.
3. రెండు పక్కల వాపును పోల్చి చూడండి. చర్మం మెత్తగా, ముడతపడేలా ఉందా, డప్పు తోలులా బిగిసి మెరుస్తోందా అన్నది ప్రధానం.
4. తల కదల్చకుండా పైకి, కిందికి, పక్కలకు చూడండి. ఒకటి రెండుగా కనిపిస్తోందేమో గమనించండి.

నొప్పి ఒక్క కంటిలోనే అంతకంతకూ పెరిగి పారాసెటమాల్‌కు లొంగకపోవడం, ఆ రెప్ప రాయిలా గట్టిపడటం, కనుగుడ్డు ముందుకు తోసుకొచ్చినట్టుండటం, చుక్కలు వేసుకున్నా తొలగని మసక, రంగులు వెలిసినట్టు కనిపించడం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఫోన్లో సలహా కోసం పొద్దున్నదాకా ఆగకూడదు. కూర్చున్న భంగిమలోనే, కన్ను మీద ఏమీ బిగించి కట్టకుండా, అత్యవసర విభాగానికి వెళ్లాలి. వెళ్తూ దారిలో సర్జన్‌కు ఫోన్ చేయవచ్చు. అక్కడ బయటి కనుకొలకు దగ్గర చిన్న కోత పెట్టి లోపలి ఒత్తిడిని దించుతారు, నిమిషాల పని. రెండు వైపులా దాదాపు సమానంగా, మెత్తగా, నొప్పి లేకుండా ఉన్న వాపు ఎంత వికారంగా కనిపించినా భయపడాల్సింది కాదు.

ఈ ఆపరేషన్ తర్వాత కళ్లకు గట్టి కట్టు ఎందుకు కట్టరని చాలామంది అడుగుతారు. కట్టు కింద చూపు పోతున్నా తెలియదు, అదే జవాబు.

చల్లటి కాపడం

అందరూ చేసేదీ, ఎక్కువమంది తప్పుగా చేసేదీ ఇదే. చలి రక్తనాళాలను ముడిచి, నీరు ఊరడాన్ని తగ్గిస్తుంది. అంతే తప్ప ఇప్పటికే చేరిన నీటిని వెనక్కి తోలదు. అందుకే మొదటి 48 గంటల్లో దీని విలువ ఎక్కువ, ఐదో రోజున దాదాపు లేనట్టే.

పద్ధతి ఇది. మరిగించి చల్లార్చిన నీళ్లు గిన్నెలో పోసి ఐస్ గడ్డలు వేయండి. గాజుగుడ్డలు నాలుగు ముంచి, రెండు తీసి, నీళ్లు కారకుండా పిండి, మూసిన రెప్పల మీద ఊరికే వాల్చండి, అదమవద్దు. ఒంటి వేడికి ఒకటి రెండు నిమిషాల్లోనే అవి చల్లదనం కోల్పోతాయి. గిన్నెలో ఉన్న రెండో జతతో మార్చండి. ఇలా 15 నిమిషాలు, తర్వాత కనీసం 30 నుంచి 45 నిమిషాల విరామం. మెలకువగా ఉన్నంతసేపూ ఇదే వరుస. రాత్రి నిద్ర చెడగొట్టుకుని చేయనక్కర్లేదు. నీళ్లు, గుడ్డలు పూట పూటకూ మార్చండి.

కోత మీద పేపర్ టేపు అంటించి ఉంటే అది తడిస్తే ఊడిపోతుంది. అప్పుడు తడి గుడ్డలు వద్దు. చిన్న జిప్ కవర్లో నలగ్గొట్టిన ఐస్ గానీ గడ్డకట్టిన బఠాణీలు గానీ 50 గ్రాముల చొప్పున పోసి, పలచటి పొడిగుడ్డ చుట్టి పెట్టండి. బఠాణీలెందుకంటే అవి రెప్ప ఆకారానికి ఒదుగుతాయి, తేలిక. పావుకిలో సంచీ పెడితే చల్లదనంతో పాటు బరువు కూడా కుట్ల మీద పడుతుంది.

జెల్ ప్యాక్‌ను ఫ్రీజర్లో కాక ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. ఫ్రీజర్లో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీల దాకా ఉంటుంది. కోత చుట్టూ చర్మం వారాల తరబడి మొద్దుబారి ఉంటుంది కాబట్టి చలికి చర్మం దెబ్బతింటున్నా మీకు మంట తెలియదు. ప్యాక్ తీయగానే చర్మం తెల్లగా, మైనంలా పాలిపోయి ఉంటే వెంటనే ఆపేయండి. ఐస్ గడ్డను నేరుగా రెప్పకు ఆనించడం ఎప్పుడూ వద్దు.

తల ఎంత ఎత్తులో

మా లెక్కలో కాపడం కంటే ఇదే పెద్ద మందు. ఖర్చు లేదు, రాత్రంతా పనిచేస్తుంది. నడుము నుంచి తల దాకా 30 నుంచి 45 డిగ్రీల వాలు కావాలి. కొలుచుకోవడం సులువు: 70 సెంటీమీటర్ల పొడవున్న వాలుకు పై కొస 35 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే అది 30 డిగ్రీలు. తల కింద మూడు దిండ్లు పేర్చడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. మెడ ముందుకు వంగి, గడ్డం ఛాతీకి ఆని, మెడలోని సిరలు నొక్కుకుపోతాయి. ముఖం నుంచి రక్తం దిగాల్సిన దారి అదే. దిండ్లే వాడాల్సి వస్తే మొదటిది నడుము దగ్గర, రెండోది వీపు కింద, మూడోది భుజాల నుంచి తల దాకా, మెట్లు మెట్లుగా పరచండి. వెనక్కి వాలే కుర్చీ ఉంటే ఇంకా మంచిది.

వెల్లకిలానే పడుకోవాలి. పక్కకు ఒత్తిగిలితే కింది వైపున్న కన్ను పొద్దుటికి రెట్టింపు ఉబ్బుతుంది. నిద్రలో తిరగకుండా రెండు భుజాల పక్కన రెండు దిండ్లు ఇరికించండి. ఇలా కనీసం ఒక వారం, కుదిరితే రెండు వారాలు. పొద్దున లేచాక వాపు ఎక్కువగా ఉండి, గంట రెండు గంటలు నిలువుగా తిరిగాక తగ్గుతోందంటే నీరు కదులుతోందన్నమాట. మధ్యాహ్నానికి కూడా తగ్గకపోతే రాత్రి వాలు ఇంకాస్త పెంచి చూడండి.

పగలంతా మంచానికే అతుక్కుపోవద్దు. మొదటి రోజు నుంచే ఇంట్లో నెమ్మదిగా నడవవచ్చు, నడవాలి కూడా.

ముఖంలోకి రక్తం ఎగదన్నే పనులు

బరువెత్తినా, వంగినా, ముక్కినా తలలోని సిరల్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడే మూసుకున్న నాళం తెరుచుకోవడానికి అంతే చాలు. రెండు వారాల పాటు 5 కిలోలు దాటిన బరువు ఎత్తవద్దు, చంటిపిల్లలైనా సరే. కింద పడింది తీయాలంటే నడుము వంచకుండా మోకాళ్ల మీద కూర్చుని, తల నిటారుగా ఉంచి తీయండి. తల స్నానం వేరొకరి సాయంతో, తల వెనక్కి వాల్చి, గోరువెచ్చటి నీళ్లతో చేయండి. వేడినీళ్ల ఆవిరి ముఖాన్ని ఎర్రబరుస్తుంది, వాపునూ పెంచుతుంది. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మండి.

మలబద్ధకాన్ని చాలామంది లెక్కచేయరు. ట్రామడాల్, కోడీన్ లాంటి నొప్పి మాత్రలు దాన్ని తెచ్చిపెడతాయి, మూడో రోజు ముక్కాల్సి వస్తుంది. అలాంటి మాత్ర రాసిచ్చి ఉంటే మొదటి రోజునే విరేచనం మెత్తబరిచే మందు గురించి అడగండి, నీళ్లు బాగా తాగండి. మత్తు వల్ల వాంతి వచ్చేలా ఉన్నా అంతే, ఓర్చుకోకుండా మందు అడగండి. బీపీ ఉన్నవాళ్లు మాత్ర ఒక్కపూట కూడా తప్పకూడదు. పెరిగిన బీపీయే రక్తస్రావానికి ముఖ్య కారణాల్లో ఒకటి.

ఉప్పు శరీరంలో నీటిని పట్టి ఉంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచా కూడా నిండదు. ప్యాకెట్లలో దొరికే ఆహారం ఆ రెండు వారాలు మానేస్తే ఈ హద్దులో ఉండటం కష్టం కాదు. మద్యం నాళాలను వెడల్పు చేస్తుంది, పొగ గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది. రెండూ వద్దు.

మందులు

నొప్పికి పారాసెటమాల్ చాలు: పెద్దలకు ఆరు గంటలకోసారి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, 24 గంటల్లో 4000 మిల్లీగ్రాములు దాటకుండా. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, తక్కువ బరువున్నవాళ్లకు హద్దు ఇంకా తక్కువ, డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, కలిపి లెక్కపెట్టండి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తాయి. విటమిన్ ఇ, చేపనూనె, జింకో (ఒక చెట్టు ఆకుల సారం) గుళికల విషయంలోనూ అదే అనుమానం ఉంది. సర్జన్ సరేననేదాకా ఇవన్నీ పక్కన పెట్టండి. కానీ గుండె కోసమో, స్ట్రోక్ వచ్చిందనో రాసిచ్చిన రక్తం పలచబరిచే మందును మీ అంతట మీరు ఆపవద్దు. మళ్లీ మొదలుపెట్టే తేదీని సర్జన్, గుండె డాక్టర్ ఇద్దరూ కలిసి చెప్పాలి.

వాపు తగ్గుతుందని మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు మింగడం ప్రమాదం. అవి ఒంట్లో నీటిని, లవణాలను తగ్గిస్తాయి గానీ గాయం దగ్గరి వాపును పట్టించుకోవు. ఆర్నికా అనే మూలికా మందు సంగతి అడిగేవాళ్లు ఎక్కువ. దానిపై జరిగిన పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. వాడదలిస్తే సర్జన్‌కు చెప్పి వాడండి, మానని కోత మీద మాత్రం పూయవద్దు.

ఆయింట్‌మెంట్ బియ్యపుగింజంత చాలు. ముందు చల్లార్చిన నీళ్లలో తడిపిన గాజుగుడ్డతో ఎండిన రక్తాన్ని, పుసిని మెత్తబరచి అద్దండి, గోటితో గీకవద్దు. నాలుగైదు రోజులు బాగుండి, ఆ తర్వాత దురదతో రెప్పంతా ఎర్రబారి పొట్టు లేస్తుంటే అది మందుకు అలర్జీ కావచ్చు. నియోమైసిన్ ఉన్న ఆయింట్‌మెంట్లతో ఇది తరచూ చూసేదే. వాపు పెరిగిందని ఇంకా ఎక్కువ పూసి ముదరబెట్టుకునేవాళ్లున్నారు. ఆపి, డాక్టర్‌కు చూపించాలి.

ఇన్ఫెక్షన్ తీరు వేరు. తగ్గుతున్న వాపు నాలుగో రోజు ఆ తర్వాత మళ్లీ పెరుగుతుంది, తాకితే వేడిగా, నొప్పిగా ఉంటుంది, చీము కారుతుంది, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

వెచ్చటి కాపడానికి ఎప్పుడు మారాలి

మూడు రోజులు దాటి, వాపు తగ్గుముఖం పట్టి, సర్జన్ సరేనన్నాకే. వేడి నాళాలను విచ్చుకునేలా చేసి కమిలిన రక్తాన్ని శరీరం త్వరగా పీల్చుకునేందుకు తోడ్పడుతుంది. తొందరపడి రెండో రోజే మొదలుపెడితే అదే వేడి వాపును పెంచుతుంది. నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు. మణికట్టు లోపలి వైపు వేసుకుంటే వెచ్చగా అనిపించాలి, వేడిగా కాదు. 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. మైక్రోవేవ్‌లో వేడిచేసిన ప్యాక్‌లు అస్సలు వద్దు. పైన వెచ్చగా, లోపల మరుగుతూ ఉంటాయి. మొద్దుబారిన రెప్పకు కాలుతున్నా తెలియదు.

ఈ రోజుల్లో కమిలిన రంగు చెంపల మీదికి, కొందరికి దవడ దాకా దిగుతుంది. కొత్త గాయమేమీ కాదు, రక్తం కిందికి జారడమే. ఊదా ఆకుపచ్చగా, పసుపుగా మారి రెండు వారాల్లో చాలావరకు పోతుంది.

కన్ను ఎండిపోవడం, తెల్లగుడ్డు మీద జెల్లీ

వాచిన రెప్ప పూర్తిగా మూసుకోదు, రెప్పపాటు కూడా మందగిస్తుంది. దాంతో కన్ను ఎండిపోయి, మండి, నీళ్లు కారుతుంది. నీళ్లు కారుతున్న కన్ను ఎండిందంటే వింతగా ఉంటుంది గానీ జరిగేది అదే. మొదటి వారం రెండు గంటలకోసారి చుక్కలు, పడుకునేముందు జెల్ గానీ ఆయింట్‌మెంట్ గానీ వేసుకోండి. ఫ్యాన్, ఏసీ గాలి సూటిగా ముఖానికి తగలనివ్వవద్దు. ఫోన్, టీవీ చూస్తే కుట్లు చెడవు, కానీ చూస్తున్నంతసేపూ రెప్ప ఆర్పడం మరిచిపోతాం. 20 నిమిషాలకోసారి ఆపండి.

కొందరికి, ముఖ్యంగా కింది రెప్ప ఆపరేషన్ తర్వాత, తెల్లగుడ్డు మీది పలచటి పొర నీరు పట్టి జెల్లీలా పొంగుతుంది. ఒక్కోసారి రెప్పల మధ్య నుంచి బయటికి వేలాడుతుంది కూడా. చూడ్డానికి భయంకరంగా ఉన్నా ఇదీ వాపే. ఎండితే ఇంకా పొంగుతుంది, పొంగితే రెప్ప మూతపడక ఇంకా ఎండుతుంది. ఈ చక్రాన్ని తెంచడానికి చుక్కలు గంటకోసారి వేసి, డాక్టర్‌కు చూపించండి. అవసరమైతే స్టెరాయిడ్ చుక్కలు రాస్తారు. అవి కంటి ఒత్తిడిని పెంచగలవు కాబట్టి ఇంట్లో మిగిలిన పాత సీసా తీసి వేసుకోవద్దు.

వారాల లెక్క

కుట్లు 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు. తీసిన రోజు కాస్త వాపు తిరగబెట్టడం సహజం. మేకప్, కాంటాక్ట్ లెన్స్‌లు రెండు వారాల తర్వాత. పరుగు, బరువుల వ్యాయామం మూడు నాలుగు వారాలకు, ఈత నెల దాటాక. మర్దన అంటే సరదాపడేవాళ్లకు ఒక మాట: సర్జన్ చూపించకుండా రెప్పను రుద్దితే మానుతున్న కోత విచ్చుకోవచ్చు. అనుమతి వచ్చాక కూడా లోపలి కనుకొలకు నుంచి చెవి వైపుకు, చర్మం మీద వేలు ఆనీ ఆననట్టు జరపడమే.

రెండు కళ్లు ఒకేలా తగ్గవు. ఒక రెప్ప బరువుగా వాలి, ఇంకొకటి మామూలుగా తెరుచుకున్నా మొదటి వారాల్లో కంగారు పడనక్కర్లేదు. రెప్పను ఎత్తే కండరంలోనూ వాపు ఉంటుంది, అది దిగేదాకా ఆ కన్ను చిన్నగానే కనిపిస్తుంది. పై రెప్ప మడత కోసం చేసిన ఆపరేషన్లలో మడత మొదట్లో కోరుకున్నదానికన్నా ఎత్తుగా, లావుగా కనిపిస్తుంది. మడతకూ వెంట్రుకలకూ మధ్య ఉండే వాపు అన్నిటికన్నా ఆలస్యంగా పోతుంది, నెలలు పట్టవచ్చు. ఆరు వారాలకు నలుగురిలోకీ ఇబ్బంది లేకుండా వెళ్లగలుగుతారు, అసలు రూపం తేలేది మూడు నుంచి ఆరు నెలలకు. అందుకే మళ్లీ సరిచేయించుకునే మాట ఆరు నెలల లోపు ఎత్తడం తొందరపాటు.

వారానికోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు ఫోటో తీసుకోండి. రోజూ అద్దంలో కనిపించని మార్పు అందులో కనిపిస్తుంది. మూడు నెలలు దాటినా కంటి కింద ఉబ్బు మిగిలితే ఒకేరోజు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పొద్దున ఎక్కువై సాయంత్రానికి తగ్గేది ఇంకా నీరే. ఉప్పు తగ్గించడం, తల ఎత్తులో పెట్టుకోవడం, అలర్జీ ఉంటే దానికి మందు వాడటం దానిపై పనిచేస్తాయి. పొద్దున్నా సాయంత్రమూ ఒకేలా ఉండేది మిగిలిపోయిన కొవ్వో, గట్టిపడిన మచ్చ కణజాలమో అయ్యే అవకాశం ఎక్కువ. దానికి కాపడాలు పెట్టి లాభం లేదు, ఆ ఫోటోలతో సర్జన్ దగ్గరికి వెళ్లండి. ఉబ్బుతో పాటు కనుగుడ్డు ముందుకు వచ్చినట్టు, రెప్ప పైకి లాగినట్టు అనిపిస్తే థైరాయిడ్ రక్త పరీక్ష కూడా అడగండి.